పెళ్లికూతురి పౌడరు

రంగుల షాపులో పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చే మొదటి బేరం ఎప్పుడూ పెచ్చులూడిన గోడదే. వచ్చినాయన సంచిలోంచి ఓ పెచ్చు తీసి కౌంటరు మీద పెట్టి, "చూడమ్మా, పోయినేడే వేయించాం. పక్కింటివాడి గోడ చెమ్మంతా మాకొచ్చేస్తోంది" అంటాడు. రంగులమ్మాయి ఆ పెచ్చును అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి, రోజూ చెప్పే మాటే చెబుతుంది.

"ముందు మీ బాత్రూం పైపు చూపించుకోండి సార్. అందరూ పక్కింటివాణ్ణే తిడతారు. తీరా పగలగొట్టి చూస్తే కారేది మన పైపే."

సగం మంది మొహం మాడ్చుకుని వెళ్లిపోతారు. వాళ్లే కొన్నాళ్లకి వచ్చి, ఏమీ ఎరగనట్టు రంగు కొనుక్కుపోతారు.

రంగు కలపడంలో ఆ అమ్మాయి చేతికి తిరుగులేదు. ఎవరు ఏ గుడ్డముక్క తెచ్చినా, దాని రంగు చూసి చుక్కలు లెక్కగా పోసి, డబ్బా ఊపి, అట్టముక్క మీద పూసి, అది ఎండేదాకా దాని వంక చూడదు. ఇన్ని రంగుల మధ్య తిరిగే మనిషి మొహానికి మాత్రం ఇంత పౌడరైనా రాసుకోకుండా షాపుకొస్తుంది. అది ఓనరు పెట్టిన రూలు. ఎదురుగా అబద్ధం పుట్టిందంటే ఆ అమ్మాయి మొహం మీద ఏదీ నిలవదు, పౌడరైనా క్రీమైనా పొడిపొడిగా రాలిపోతుంది. పుట్టినప్పట్నుంచీ అంతే.

"ఈ రంగు పదేళ్లు చెక్కుచెదరదు సార్ అని నేనంటాను, నీ బుగ్గ మీంచి జలజలా రాలుతుంది. నన్ను షాపు మూసుకోమంటావా?" అన్నాడు ఓనరు, ఆమె పనిలో చేరిన రోజే. ఆయన బాధా న్యాయమే.

ఇంట్లోవాళ్లకి అదో విశేషం కాదు. కొందరు పిల్లలకి దుమ్ము పడదు, ఈ పిల్లకి అబద్ధం పడదు. మేనమామైతే దాన్ని బాగానే వాడుకున్నాడు. "పాత స్కూటరు చూడ్డానికెళ్తున్నానే, మొహానికి కాస్త దట్టంగా పట్టించుకుని రా" అనేవాడు. అమ్మేవాడు "ఒక్కరే నడిపారండీ, అదీ నెమ్మదిగా" అనేసరికి పిల్ల గౌను ముందంతా తెల్లగా అయ్యేది. మేనమామ మారు మాట్లాడకుండా మేనకోడలి చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టేవాడు.

ఇలా పెరిగిన పిల్లకి అనుమానం అబ్బకుండా ఎలా ఉంటుంది చెప్పండి? కూరలవాడు తాజా అన్నా అనుమానమే, డాక్టరు నొప్పుండదన్నా అనుమానమే. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకంగా తయారైంది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, తను అబద్ధమాడదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువగా తనకే తెలుసు.

అలాంటి పిల్లకి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు తలుపులకి వేసే బూడిద రంగు కోసం షాపుకొచ్చాడు. డబ్బా తీసుకెళ్లాడు, షేడు కలవలేదని మళ్లీ వచ్చాడు, ఇంకాస్త కావాలని మళ్లీ వచ్చాడు. షాపులో ఆమె మొహాన పౌడరుండదు కాబట్టి సరిపోయింది గానీ, ఆ షేడు మొదటిసారే అతుక్కుపోయినట్టు కలిసింది. మనిషి మెత్తన, మాట తక్కువ, గోళ్లలో గ్రీజు. అమ్మాయికి నచ్చాడు. నచ్చాడు కాబట్టే అనుమానం ఎక్కువైంది.

ఆ అనుమానానికి ఆజ్యం పోసింది ఓ ఫోను. పెళ్లికొడుకు అక్కగారు చేసింది.

"మేకప్పుకి మనిషిని మాట్లాడేశాం. ఆవిడ పైన ఏదో స్ప్రే కొడుతుంది, ఒకసారి కొట్టిందంటే వానొచ్చినా ఊడదు, అబద్ధమొచ్చినా ఊడదు. తియ్యాలన్నా మళ్లీ ఆవిడే రావాలి."

"నేనే వేసుకుందామనుకుంటున్నా వదినా."

"అయ్యో, వద్దు వద్దు. తమ్ముడు మరీ మరీ చెప్పాడు, ఆవిడే వెయ్యాలని."

తమ్ముడు చెప్పాడా! కాలరు మీద గ్రీజు మరకున్నా పట్టని మనిషికి పెళ్లికూతురి మేకప్పు మీద పట్టింపేమిటి? అబద్ధమొచ్చినా ఊడనిది కావాలని ఎవరు కోరుకుంటారు? అబద్ధమాడేవాళ్లు కాక?

వంటింట్లో అమ్మకి చెబితే, అమ్మ వదినగారి పక్షమే. "పెళ్లికొచ్చినవాళ్లు నిజాలు చెబుతారటే? 'ఎంత సన్నబడ్డావో' అంటారు, 'రెండు కళ్లూ చాలట్లేదు' అంటారు. నువ్వు వేసుకున్నదంతా గంటలో నీ ఒళ్లోకొస్తుంది. బోసి మొహంతో ఫోటోలు దిగుతావా?"

"నా మొహం నేను వేసుకోవడానికి ఇంతమంది అడ్డమెందుకమ్మా?"

"అడ్డం కాదే తల్లీ, అన్నీ తెలుసుకుని బతకలేం. ఒక్క రోజైనా నీ మొహాన్ని కాస్త ఊరుకోనీ."

ఆ మాటతో అమ్మ మీద కూడా అనుమానమొచ్చింది. ఇక లాభం లేదని, ఆదివారం పొద్దున మొహానికి ఒత్తుగా పట్టించి, నల్ల డ్రెస్సు వేసుకుని, పెళ్లికొడుకు పనిచేస్తున్న చోటికి వెళ్లింది. నల్ల డ్రెస్సు మీదైతే రవ్వ రాలినా కనిపిస్తుంది. అతను ఓ ఆఫీసు భవనం కింద, తెరిచిపెట్టిన లిఫ్టు గుంతలో నడుం లోతు దిగి ఉన్నాడు. ఈమెని చూసి మొహం విప్పారింది. డ్రెస్సు చూసి మళ్లీ ముడుచుకుంది.

"నాకేం అనుమానం లేదు, ఊరికే అడుగుతున్నా. ఆ మేకప్పావిణ్ణి మాట్లాడమన్నది మీరేనా?"

"నేనే."

బుగ్గ మీంచి కాస్త పౌడరు జారి గుండెల మీద పడింది. ఆమె చూసింది. అతనూ చూశాడు.

"ఎందుకో?"

"భయమేసి."

"దేనికి భయం?"

అతను పానా తీసుకుని, ముందే బిగించి ఉన్న నట్టును మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు.

"సరే, అది వదిలెయ్యండి. బుధవారం సాయంత్రాలు మీ ఫోను కలవదు. అనుమానంతో కాదు, తెలుసుకుందామని అంతే. ఎక్కడుంటారు?"

"ఆసుపత్రి వెనక పాత బిల్డింగులో. దాని లిఫ్టుకి వారం వారం ఏదో ఒకటొస్తుంది. గుంతలో సిగ్నలుండదు."

ఈసారి రెండో బుగ్గా, గడ్డమూ కలిసి రాలాయి. నల్ల డ్రెస్సు ముగ్గుపిండి ఒలికినట్టు తయారైంది. అతను గుంతలోంచి ఆ తెల్లదనం వంకే చూస్తూ ఉండిపోయాడు. తప్పు దొరికిపోయినవాళ్లు అలాగే చూస్తారని ఆమె అనుకుంది.

ఇంటికొచ్చేసరికి మేనమామ కూర్చుని ఉన్నాడు. డ్రెస్సు చూసి నోరు వెళ్లబెట్టాడు. "నా స్కూటరప్పుడు కూడా ఇంత రాల్లేదే!"

"స్కూటరైతే వద్దని వచ్చేశాం మావయ్యా."

"దీన్నీ వద్దని వచ్చేద్దామా?"

ఆ మాటకి ఏడుపొచ్చింది. అతను కావాలి. కానీ బుధవారాలు ఎక్కడుంటాడో తెలియని మనిషితో రోజూ పౌడరు రాలుతుందేమోనని మొహం కడుక్కుని కూర్చోవడం తన వల్ల కాదు. అప్పుడే మనసులో గట్టిగా అనుకుంది. పెళ్లిరోజు మేకప్పు తనే వేసుకుంటుంది. హాల్లో అందరి ముందూ అతన్ని మళ్లీ అదే అడుగుతుంది. రాలిందా, లేచి వచ్చేస్తుంది. ఎవరేమనుకున్నా సరే. ఈ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు.

పెళ్లిరోజు రానే వచ్చింది. హాలు వెనక గదిలో పెళ్లికూతురు లోపల గడియ పెట్టుకుంది. బయట మేకప్పావిడ సూట్‌కేసంత పెట్టె పట్టుకుని నిలబడింది. అమ్మ తలుపు బాదింది, వదినగారు బతిమాలింది. ఇద్దరూ అలిసిపోయి హాల్లోకి వెళ్లారు. మేకప్పావిడ మాత్రం కదల్లేదు. కుర్చీ తెప్పించుకుని తలుపు దగ్గరే బైఠాయించింది.

లోపల రంగులమ్మాయి తన విద్యంతా చూపించింది. ముందు మొహం కడిగి ఆరనిచ్చింది. పల్చగా ఒక పూత వేసి, అదీ ఆరేదాకా ఆగి, పైన ఇంకోటి వేసింది. తన చాయకి సరిపోయే రంగు రెండు డబ్బాల్లోంచి తనే కలుపుకుంది. పౌడరు అద్దింది. కాటుక దిద్దుకుంది. అద్దంలో చూసుకుంటే, పొగరనుకోకపోతే, బ్రహ్మాండంగా ఉంది. హాల్లో గొంతు వణక్కూడదని, అడగబోయే మాటని అద్దం ముందు ఒకసారి అనుకుని చూసింది.

"నాకేం అనుమానం లేదు, ఊరికే అడుగుతున్నా..."

నుదుటి మీంచి పౌడరు జలజలా రాలి ఒళ్లో పడింది.

ఉలిక్కిపడి వెనక్కి చూసింది. గదిలో పురుగు కూడా లేదు. కిటికీ వేసే ఉంది. లేచి వెళ్లి తలుపుకి చెవి ఆనించింది. అవతల మేకప్పావిడ గురక వినిపిస్తోంది. నిద్రలో అబద్ధమెలా ఆడుతుంది? మళ్లీ కూర్చుని, పోయినచోట అద్దుకుని, మళ్లీ అంది.

"నాకేం అనుమానం లేదు."

ఎడమ బుగ్గంతా ఊడి వచ్చింది.

ఆ అమ్మాయికి పొద్దున పొద్దున్నే సంచుల్లో పెచ్చులు పట్టుకొచ్చేవాళ్లంతా ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. 'ముందు మీ పైపు చూపించుకోండి సార్.' లిఫ్టు గుంత దగ్గర రాలిన ప్రతిసారీ అతను నోరు విప్పకముందు ఎవరు మాట్లాడారు? 'నాకేం అనుమానం లేదు' అన్నదెవరు? అది అబద్ధమని ఆమెకి ఏనాడూ తోచలేదు. మర్యాద కోసం అనే మాట అనుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మెల్లిగా, అద్దంలో తన మొహాన్నే చూస్తూ అంది. "నాకు అనుమానం." ఏమీ రాల్లేదు. "మొదటిరోజు నుంచీ అనుమానమే." ఒక్క రవ్వ కదల్లేదు.

తలుపు తీసింది. మేకప్పావిడ ఉలిక్కిపడి లేచి పెట్టె అందుకుంది. "ఒక్క క్షణం ఆగండి. ముందు పెళ్లికొడుకుని పిలవండి" అంది పెళ్లికూతురు.

అతను కొత్త చొక్కాలో, గుండీలు సగమే పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఒక బుగ్గ నిండుగా, ఒక బుగ్గ బోసిగా ఉన్న పెళ్లికూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నాకు మీ మీద అనుమానం" అంది.

"తెలుసు."

"తెలుసా?"

"లేదు లేదన్నప్పుడల్లా రాలేది కదా. నేను చూస్తూనే ఉన్నా."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? నువ్వు అబద్ధమాడుతున్నావనా?" అతను చేతులు చూసుకున్నాడు. ఎంత తోమినా గోళ్లలో గ్రీజు పోలేదు. "హాల్లో పెళ్లి జరిపించే పెద్దాయన అందరి ముందూ నిన్ను అడుగుతాడు, ఇష్టపడే చేసుకుంటున్నావా అని. నువ్వు అవునంటావు. అప్పుడు గనక రాలితే నేనేమైపోవాలి? అందుకే ఊడనిది వెయ్యమన్నా. నాకు చూసే ధైర్యం లేదు."

ఆమె నిండు బుగ్గ నిండుగానే ఉంది. తనొక్కతే అనుమానాల పుట్ట అనుకుంది ఇన్నాళ్లూ. ఈ మనిషి ఎంత భయాన్ని లోపల పెట్టుకుని నట్లు బిగించుకుంటూ కూర్చున్నాడో అనిపించింది.

"బుధవారం?" అంది, ఎంతైనా అలవాటు కదా.

"లిఫ్టే."

ఏమీ రాల్లేదు. మేకప్పావిడ కూడా మెడ సాచి చూసింది.

"ఇంతకీ నేను వెయ్యాలా, వెళ్లిపోవాలా? ఇంకో పెళ్లుంది నాకు" అందావిడ.

పెళ్లికూతురు పెళ్లికొడుకు వైపు తిరిగింది. "మీరే చెప్పండి. ఉండమంటారా, వెళ్లమంటారా?"

అతను ఆ పెద్ద పెట్టె వంక చాలాసేపు చూశాడు. నుదుటికి చెమట పట్టింది. చివరికి, "వెళ్లమను" అన్నాడు. వెనక్కి తిరిగి, గుండీలు తప్పుగా పెట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఆమె అద్దం ముందు కూర్చుని రెండో బుగ్గకి మళ్లీ వేసుకుంది. పల్చగా ఒక పూత, ఆరనిచ్చి ఇంకోటి. ఎదుటివాళ్ల మాటలకి భయపడటం అలవాటే గానీ, తన నోట్లోంచి రాబోయే మాటకి భయపడటం ఇదే మొదలు.

హాలు కిక్కిరిసి ఉంది. అక్కడిదాకా నడిచేలోపే ఎవరో "ఎంత సన్నబడ్డావమ్మా" అన్నారు, ముక్కు మీద కాస్త పోయింది. పక్కపక్కన కూర్చున్నారు. మేనమామ మొహం స్పష్టంగా కనబడాలని ముందు వరసలోకి కుర్చీ లాక్కున్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది.

"ఇష్టపడే చేసుకుంటున్నావా అమ్మా?" అని పెద్దాయన అడిగాడు.

పెళ్లికొడుకు తల పూర్తిగా వంచేసి తన చెప్పుల వంక చూస్తున్నాడు.

"ఇష్టమే" అంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అతను తలెత్తలేదు. చొక్కా కాలరు తడిసిపోయింది. అతను ఇక ఎత్తడని అర్థమై, అందరూ చూస్తున్నారన్న మొహమాటమైనా లేకుండా ఆమె అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"చూడండి" అంది.

అతను చూశాడు. ముక్కు మీద ఆ కాస్త తప్ప, ఎక్కడ వేసింది అక్కడే ఉంది.