కాలరు కుట్టేంతసేపు

ఫోను చేసి అమ్ముకునేవాళ్ళ మీద నాకున్న కసి అంతా ఇంతా కాదు. రోజుకు ఇరవై మందికి తక్కువ కాకుండా నా ప్రాణాలు తోడేసేవారు. ఒకడికి నాకు అప్పివ్వాలని ఉబలాటం, ఇంకొకతెకు మా ఇంట్లో నీళ్ళ యంత్రం బిగించాలని ఆరాటం. నేను ఇంట్లో కూర్చుని బడిపిల్లల చొక్కాలు కుట్టుకునే మనిషిని. మిషను ఆపి, దారం తెగకుండా గుడ్డ పక్కకు తీసి ఫోను ఎత్తితే, "మేడమ్, రెండు నిమిషాలు" అంటారు. ఆ గొంతులో తేనె వింటే ఒళ్ళు మండిపోయేది.

"అయితే ఎత్తకు" అనేది మా చెల్లెలు. ఎత్తకపోతే ఎలా? మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. చేసేవారు అనాలి. రెండు కళ్ళకూ పొర మసకబారి ఏడాదిన్నర అయింది. పోయినవాళ్ళెవరైనా ఇచ్చిన కంటిపొర దొరికితే కబురు చేస్తామని ఆస్పత్రివాళ్ళు ఆయన పేరు రాసుకున్నారు. ఏ నంబరు నుంచి చేస్తారో చెప్పలేమన్నారు. వస్తామని అప్పటికప్పుడు చెప్పకపోతే తరువాతి పేరుకు పోతామన్నారు. అందుకని మోగిన ప్రతి ఫోనూ ఎత్తాను. ఆరు నెలలు ఎత్తాను.

ఒకరోజు ఒక మగగొంతు "ఆస్పత్రి విషయమై చేస్తున్నాం మేడమ్" అంది. "చెప్పండి బాబూ, ఇప్పుడే బయల్దేరతాం" అన్నాను. మా ఆయన అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నారు. తీరా చూస్తే వాడు అమ్మేది ఆస్పత్రి ఖర్చుల బీమా. వాడి ఏడు తరాలనూ కలిపి తిట్టాను. మా ఆయన చొక్కా విప్పి, కొక్కెం కోసం గోడంతా తడుముకున్నారు. అది చూశాక నాలో ఉన్న కాస్త మంచితనమూ చచ్చిపోయింది.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి పెట్టాను. అమ్మేవాళ్ళని తెలియగానే ఫోనును మిషను బల్ల మీద, సూది పక్కనే పెట్టి, పెడలు గట్టిగా తొక్కేదాన్ని. పాత మిషను, రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు మోగుతుంది. వినండిరా, మీరు నా చెవిలో పోసింది మీ చెవిలోనూ పడనీ! చొక్కా చెయ్యి అతికేంతసేపు కూడా ఎవడూ నిలబడలేదు. నా కడుపు చల్లబడేది.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ మోగింది. ఆడగొంతు. "నమస్తే మేడమ్, ఆస్పత్రి నుంచి..."

"మళ్ళీ తయారయ్యారా? సిగ్గులేదూ!" అని బల్ల మీద పెట్టి తొక్కాను.

పక్కగదిలోంచి మా ఆయన, "ఎవరో అరుస్తున్నట్టుందే" అన్నారు. చూపు పోయాక ఆయనవి పాముచెవులయ్యాయి.

"అరవనివ్వండి. గొంతు పోవాలి దానికి" అన్నాను.

కాలరు మొదలుపెట్టాను. మడత, మూల తిప్పడం, పైకుట్టు. పూర్తయి దారం తెంపేసరికి ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. ఏడో నిమిషం నడుస్తోంది. అమ్మేవాడెవడూ కాలరు కుట్టేంతసేపు ఆగడు. గబుక్కున చెయ్యి చాపాను. అందుకునేలోపే కట్ అయింది.

ఆ నంబరుకే చేశాను. లైను దొరకలేదు. ఆరోసారికి దొరికింది. అదే గొంతు, బొంగురుపోయి ఉంది.

"కంటి విభాగం నుంచమ్మా. ఎంతసేపు అరిచానో! ఏదో మిషను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. తరువాతి వాళ్ళకి చేశాను. వాళ్ళు బయల్దేరారు."

"మళ్ళీ ఎప్పుడమ్మా?"

"అది చెప్పలేం. మీ పేరు మాత్రం ఉంటుంది."

ఈసారి తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "ఎవరు?" అన్నారు.

"ఎవరో అమ్ముకునేవాళ్ళు."

"పాపం, అంతసేపు అరిచిందంటే ఎంత అవసరమో. ఒక్క మాట వినాల్సింది" అన్నారు.

ఇవాళ పొద్దున ఒకడు పరుపుల గురించి తొమ్మిది నిమిషాలు చెప్పాడు. మిషను ఆపేసి ప్రతి మాటా విన్నాను. "ఇంత ఓపికగా ఎవరూ వినరు మేడమ్" అన్నాడు. వాడి పీక పిసికెయ్యాలనిపించింది. పక్కగదిలో మా ఆయన వింటున్నారు.

"ఇంకా చెప్పు" అన్నాను.