కొండ గేరు

టాంగ్ గ్వేషెంగ్ చనిపోవడం బండ్ల కార్ఖానా రెండో షెడ్డులోని నూటపది మందీ చూశారు. బండ్లను పరీక్షించే వాలు వాళ్ల కిటికీల ఎదురుగానే ఉంది. మూడు చక్రాల సామాన్ల బండి మీద నాలుగు వందల కిలోల ఇసుక మూటలు వేసుకుని గ్వేషెంగ్ రోజూ ఎక్కినట్టే ఎక్కాడు. సగం దూరం పోయాక, ఎత్తు ఎక్కడానికి వాడే కొండ గేరు వేశాడు. చక్రంలోని మోటారులో పటపటమని ఏదో విరిగింది. మోటారు గిర్రున తిరుగుతోంది గానీ చక్రం కదలడం లేదు. అంత బరువును బ్రేకు పట్టలేకపోయింది. బండి వెనక్కి జారింది. కింద సిమెంటు గోడ.

ఫాంగ్ చున్‌లీ చేతిలో స్పానరు చేతిలోనే ఉండిపోయింది. ఆ మోటారులో గేర్లు బిగించింది తనే.

మర్నాడు పొద్దున యజమాని హావ్ గేటు దగ్గర మైకు పట్టుకున్నాడు.

"నలభై ఏడో నంబరు ఫిట్టరు గ్రీజు పెట్టకుండా బిగించింది. ఆ నిర్లక్ష్యమే మన గ్వేషెంగ్‌ను బలి తీసుకుంది!"

బతికున్నన్నాళ్లూ గ్వేషెంగ్ పేరైనా తెలియదు హావ్‌కి. చచ్చాక 'మన' వాడయ్యాడు.

గ్వేషెంగ్ భార్య లువో షియామే అదే కార్ఖానాలో మోటార్లకు రాగి తీగ చుడుతుంది. భోజనాల గదిలోకి వస్తూనే చున్‌లీ ముందున్న నూడుల్స్ గిన్నె విసిరికొట్టి, చెంప మీద ఒక్కటిచ్చింది.

"గ్రీజు పెట్టడానికి చేతులు రాలేదటే నీకు? నా మొగుణ్ణి మింగావు కదే!"

చుట్టూ ఉన్నవాళ్లు తల దించుకుని తమ గిన్నెల్లోకి చూసుకున్నారు. యజమానికి కావలసింది అదే. ఒక కూలీ చెయ్యి ఇంకో కూలీ చెంప మీద పడితే తన చెంప భద్రం.

చున్‌లీ ఏడవలేదు. నేరుగా తుక్కు గదికి పోయింది. విరిగిన మోటారును కరిగించమని సూపర్‌వైజర్ డూ అప్పటికే పురమాయించాడు. దాన్ని గోనెలో చుట్టి తెచ్చి షియామే ముందు బల్ల మీద పెట్టి విప్పింది.

"ఇదిగో గ్రీజు. వేలు పెట్టి చూడు."

షియామే వేలు పెట్టింది. రెండో కణుపు దాకా మునిగింది.

"మరి ఈ గేర్లకి పళ్లేవి?"

"అరిగి ఊడిపోయాయి. ప్లాస్టిక్‌వి వదినా. మార్చి నుంచి ఉక్కువి రావడం లేదు. చదును రోడ్డు మీద ఇవి ఆగుతాయి. కొండ గేరు వేస్తే బరువంతా వీటి మీదే పడుతుంది."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"డూని అడిగాను. చేతులతో పని చెయ్యి, నోటితో కాదు అన్నాడు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత బిగించాను."

షియామే గ్రీజు వేలిని తన నీలం చొక్కాకి తుడుచుకుంది. "దీనికి తీగ చుట్టింది నేను," అంది. "మూత బిగించిందెవరు? పెట్టెలో పెట్టిందెవరు? అందరం కలిసి చంపాం. చంపించినవాడు మాత్రం పైన కూర్చుని టీ తాగుతున్నాడు."

అప్పుడు మొదలైంది రభస. ఫిర్యాదుల కార్యాలయానికి పోదామన్నాడు వెల్డింగు చేసే పెద్దాయన.

"మూడేళ్లు పడుతుంది బాబాయ్, నువ్వుంటావా అప్పటికి?" అన్నారెవరో. షెడ్డు తగలబెడదామన్నారు ఇంకొందరు.

"తగలబెడితే వాడికి బీమా వస్తుంది," అంది షియామే. "వాడు ఆ బండి ఎక్కాలి. నా మొగుడు ఎక్కిన వాలే ఎక్కాలి. అందరి కళ్లముందు."

గురువారం బండ్లు కొనే వ్యాపారులు వచ్చారు. ఎర్ర తివాచీలు పరిచారు, టపాకాయలు కాల్చారు. వాలు కింది గోడకు కొత్తగా సున్నం వేశారు. హావ్ మైకులో "ఈ రెండు గేర్ల మోటారు ఎక్కలేని కొండ లేదు!" అంటున్నాడు.

రెండు షెడ్ల తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. నాలుగు వందల మంది బయటికొచ్చారు. ముందు షియామే, చున్‌లీ, వాళ్లు తోసుకొస్తున్న బండి. బండి నిండా ఇసుక మూటలు. బండిని హావ్ ఎదుట నిలబెట్టారు.

"ఎక్కండి యజమానిగారూ," అంది చున్‌లీ. "అవే ప్లాస్టిక్ గేర్లు బిగించి గ్రీజు నిండుగా పెట్టాను. వీళ్లంతా సాక్ష్యం."

హావ్ నవ్వబోయాడు. "పనికి పొండి. పరిహారం సంగతి తర్వాత మాట్లాడదాం."

"నీ పరిహారం ఎవడికి కావాలి?" షియామే గొంతు చీరుకుపోయింది. "ఎక్కు! ఎక్కలేని కొండ లేదుగా! సగం పోయాక కొండ గేరు వెయ్యి!"

"ఎక్కు!" అన్నాయి నాలుగు వందల గొంతులు.

హావ్ వెనక్కి తిరిగి, "డూ, నువ్వెక్కి చూపించు," అన్నాడు.

డూ బండిని చూశాడు, వాలు చూశాడు, గోడ చూశాడు. కంపెనీ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు పిల్లలున్నారండీ," అన్నాడు.

అంతే. ఇంక రుజువు అక్కర్లేకపోయింది. వ్యాపారులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మేం కొన్న వాటిలోనూ ఇవే గేర్లా?" అని ఒకాయన అరిచాడు. హావ్ కారు వైపు నడవబోతే జనం దారివ్వలేదు. ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. ఊరికే నిలబడ్డారు. హావ్ ఆ ఎండలో, ఆ బండి పక్కన, తను చంపించినవాడి పెళ్లాం కళ్లెదుట గంటసేపు నిలబడాల్సి వచ్చింది.

పోలీసులు వచ్చి హావ్‌కి గొడుగు పట్టారు. షియామేనీ చున్‌లీనీ వ్యానులోకి తోశారు.

వ్యాను కదలబోతుంటే గోదాములోంచి పెద్ద మోత లేచింది. ముందు గాలి ఒత్తిడితో తిరిగే స్పానరు ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని.

"ఏం చేస్తున్నారు వాళ్లు?" కాపలా పోలీసు ఉలిక్కిపడ్డాడు.

"మోటార్లు విప్పుతున్నారు," అంది చున్‌లీ. "ప్లాస్టిక్ గేర్లు పీకి పారేస్తున్నారు. ఆ గేర్లతో ఒక్కటీ గేటు దాటదు."

షియామే సంకెళ్ల చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ మోత వింది.

"ఎన్నున్నాయి లోపల?"

"నాలుగు వేలు."

"సాయంత్రానికి అయిపోతాయా?"

"అవకపోతే రేపు."

"మనల్ని రేపటికి వదలరుగా."

"మనమెందుకు వదినా? వాళ్లున్నారు."