వెనక సీటు

మా ఆయన పగలంతా కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగి, షెడ్డులోకి వెళ్ళి బండి రుద్దుతారు. పెళ్ళికి ముందు కొన్న మోటార్‌సైకిల్ అది. నల్ల ట్యాంకు, క్రోము సైలెన్సరు, విడివిడిగా రెండు తోలు సీట్లు. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది, తాగుడు కన్నా నయమే కదా అని నేనూ సరిపెట్టుకున్నాను. కానీ ఆయన బండి తుడిచే పద్ధతిలో ఒక్క విషయం మాత్రం ఎంత ఆలోచించినా నా బుర్రకి ఎక్కేది కాదు.

ముందు చక్రాలకీ ఇంజనుకీ నీళ్ళు కొట్టి బురద వదలగొడతారు. తర్వాత రెండు బకెట్లు. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, రెండోది గుడ్డ జాడించుకోవడానికి. ఒకసారి నేను పొరపాటున షాంపూ బకెట్లో మురికి గుడ్డ ముంచానని ఆ పూట నాతో మాట్లాడలేదు. ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా రంగు మీద గీత పడుతుందట. ఆరాక ట్యాంకుకి మైనం పట్టించి, మెత్తని గుడ్డతో తన ముఖం తనకి కనిపించేదాకా రుద్దుతారు. క్రోము మీద తుప్పు మచ్చ కనిపిస్తే అల్యూమినియం కాగితం తడిపి, నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి రుద్దుతారు. చక్రాల చువ్వల మధ్యకి పాత టూత్‌బ్రష్షు. ముందు సీటుకైతే తోలు క్రీము వేలితో తీసి, పసిబిడ్డ ఒంటికి రాసినట్టు రాస్తారు.

ఇక వెనక సీటు. నేను కూర్చునే సీటన్నమాట. కొంతకాలంగా దానికి బట్టల సబ్బు! బట్టలుతికే బ్రష్షుతో బరబరా తోమి, నీళ్ళు గుమ్మరించి, ఎండకి వదిలేస్తారు. పాపం ఆ తోలు తెల్లగా పాలిపోయి, కుట్ల దగ్గర పగుళ్ళిచ్చింది.

"ఏమండీ, దానికీ ఓ చుక్క క్రీము రాస్తే మీ సొమ్మేం పోయింది?" అని అడిగితే, "అది అంతేలే" అనేవారు.

అంతే అంటే ఏమిటి? నేను కూర్చునే చోటు కాబట్టి అంతేనా? ఒక్కోసారి ఒళ్ళు మండేది. ఒక్కోసారి, ఛీ ఛీ, తోలు ముక్క కోసం అలగడమేమిటని నా మీద నాకే నవ్వొచ్చేది. పైగా ఆయన చెడ్డవారు కాదు. నాకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చునే మనిషి. అలాంటి మనిషి ఆ సీటు మీద మాత్రం పగబట్టినట్టు ఉండేవారు.

ఆ సీటు మీద నుంచే నేను పడ్డాను. రెండేళ్ళయింది. ఆయన స్నేహితుడు కొత్తగా షాపు తెరిస్తే ఇద్దరం బయల్దేరాం. బండి ఆ రోజు నిగనిగలాడుతోంది. మార్కెట్టు మలుపులో ఆయన బండి వంచడం గుర్తుంది. తర్వాత చూస్తే ఆయన బండి మీదే ఉన్నారు, నేను రోడ్డు మీద ఉన్నాను. తుంటి ఎముక చిట్లింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఎలా పడ్డావు?" అని అడిగేవారు. "నేనే సరిగ్గా పట్టుకోలేదు" అని చెప్పేదాన్ని. నిజానికి ఆయన నడుం చుట్టూ చెయ్యి వేసి పట్టుకున్నట్టే గుర్తు. కానీ పట్టుకుంటే ఎందుకు పడతాను?

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను ఆసుపత్రిలో నర్సుని, పురిటి వార్డులో. అప్పుడే పుట్టినవాళ్ళకి స్నానం చేయించేది ఎక్కువగా నేనే. సబ్బు పెట్టిన పసిబిడ్డ ఎంత జారుతుందో చేసినవాళ్ళకే తెలుసు. తల కింద ఒక అరచెయ్యి, చంక కింద వేళ్ళు, అంతే ఆధారం. తుంటి బాగయ్యి తిరిగి డ్యూటీలో చేరిన రోజు చేతిలో బిడ్డతో టబ్బు ముందు నిలబడ్డాను. మొగుడి నడుమే పట్టుకోలేకపోయిన చేతులు ఇవి, బిడ్డని నీళ్ళలో వదిలేస్తే? ఆ బిడ్డని పక్క నర్సు చేతిలో పెట్టి బయటికి వచ్చేశాను. ఆ వారమే అడిగి మరీ దుప్పట్ల గదికి మారిపోయాను. ఉతికొచ్చిన దుప్పట్లు లెక్కపెట్టి పంపే పని. జారితే కింద పడేది దుప్పటే. ఇంట్లో మాత్రం "నడుం నొప్పి, వార్డులో నిలబడలేను" అన్నాను. ఆయన నమ్మారు.

మొన్న ధైర్యం చేసి అడిగాను. "తుంటి పూర్తిగా బాగుందన్నాడు డాక్టరు. రేపట్నుంచి నన్ను బండి మీద ఆసుపత్రి దగ్గర దింపండి. ఈసారి గట్టిగా పట్టుకుంటాను." నా లెక్క నాకుంది. ఆయన వెనక కూర్చుని పడకుండా వెళ్ళగలిగితే, నా చేతుల మీద నాకు మళ్ళీ నమ్మకం వస్తుందేమోనని.

ఆయన టీ కప్పు కింద పెట్టారు. "బండి అమ్మేస్తున్నాను" అన్నారు.

ప్రాణం పెట్టి చూసుకునే బండిని అమ్మడమేమిటి? నన్ను ఎక్కించుకోవడం కన్నా అమ్ముకోవడమే నయమా? మళ్ళీ పడిపోతాననా భయం? నేనంటే అంత లోకువా? ఎటు నుంచి ఆలోచించినా కొస దొరకలేదు. అడిగితే మళ్ళీ "అది అంతేలే."

ఆదివారం పొద్దున్నే బేరానికి ఒక జంట వచ్చింది. అతను బేకరీలో పనిచేస్తాడట, నవ్వుముఖం. పక్కన భార్య. నడక చూడగానే ఆరో నెల దాటిందని నాకు అర్థమైంది. ఇద్దరూ బండి చుట్టూ తిరిగారు. అతను ట్యాంకులో తన ముఖం చూసుకుని జుట్టు సవరించుకున్నాడు.

"అన్నయ్యా, అద్దంలా ఉంచారు! ఈ వెనక సీటుకి ఏమొచ్చింది మరి? మా ఆవిడ కూర్చునేది దీని మీదే కదా."

"అది... అంతేలెండి" అన్నారు మా ఆయన.

"దానిదేముంది, కాస్త మెరుపు తెప్పిస్తే సరి." అతను గూట్లో ఉన్న సీసా అందుకున్నాడు. ప్లాస్టిక్ భాగాలు మెరవడానికి మా ఆయన రాసే నూనెలాంటి మందు అది. మూత తీసి, వెనక సీటు మీద ఒంపి, అరచేత్తో పామేశాడు. పాలిపోయిన తోలు ఒక్కసారిగా నల్లగా తళుక్కుమంది. "చూశారా! ఎక్కవే, ఓసారి కూర్చుని చూడు."

ఆ అమ్మాయి బండి మీద చెయ్యి వేసింది.

"వద్దు!" అని మా ఆయన అరిచిన అరుపుకి నేను ఉలిక్కిపడ్డాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు వినలేదు. అడ్డంగా వెళ్ళి నిలబడి, అతని చేతిలోంచి సీసా లాక్కున్నారు. "సీటుకి ఇది రాయకూడదు బాబూ. ఎప్పుడూ రాయకూడదు. జారిపోతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఆగరు. నేను రాశాను. బాగుంటుందని, షాపు దగ్గర అందరూ చూస్తారని రాశాను. మలుపులో మా ఆవిడ జారిపోయింది. నా చొక్కా చేత్తో పట్టుకునే ఉంది, గుండీలు తెగి వచ్చాయి. అయినా ఆగలేదు."

చెప్పడం అయ్యాక ఆయనకి నేను గుర్తొచ్చినట్టున్నాను. తల మాత్రం తిప్పలేదు.

వాళ్ళు ఏమన్నారో, ఎప్పుడు వెళ్ళారో నాకు సరిగ్గా తెలీదు. మళ్ళీ ఫోన్ చేస్తామన్నట్టున్నారు. షెడ్డులో మేమిద్దరమే మిగిలాం. ఆయన అప్పటికే సబ్బు, బ్రష్షు తీసుకుని ఆ సీటు తోముతున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబుదామనే ఆసుపత్రికి వచ్చాను. మంచం దగ్గరికి రాగానే నువ్వే ముందు అన్నావు, 'నేనే సరిగ్గా పట్టుకోలేదండీ' అని." తోముతూనే ఉన్నారు. "అబద్ధం ఎందుకు, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను. తర్వాత నీ నొప్పి తగ్గాక అనుకున్నాను. తగ్గిపోయాక, మానిన దాన్ని మళ్ళీ కెలకడం ఎందుకులే అనుకున్నాను. నిన్ను మాత్రం దీని మీద మళ్ళీ ఎక్కించే ధైర్యం లేదు."

"నేను వార్డు ఎందుకు మానేశానో తెలుసా?"

"నడుం నొప్పి అన్నావుగా."

"నడుం కాదు. చేతులు. నా చేతులకి పట్టు లేదనుకున్నాను. బిడ్డల్ని జారవిడుస్తానని భయపడ్డాను."

బ్రష్షు ఆగిపోయింది. ఆయన ముఖం చూశాను. ఈ సంగతి ఆయనకి నిజంగా తెలీదు. తెలిస్తే చెప్పేవారేనేమో. చెప్పేవారు కాదేమో. తడి నేల మీద అలాగే చతికిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నారు. నేను ఏడవాలో, అరవాలో, ఆ సబ్బు చేతులు కడిగి లోపలికి తీసుకెళ్ళాలో నాకు అర్థం కాలేదు. పట్టుకునే ఉన్నాను అన్న సంతోషం ఒకవైపు లాగుతోంది, ఈయన నా పక్కన పడుకుని ఇన్నాళ్ళూ ఎలా నిద్రపోయారన్న ప్రశ్న ఇంకోవైపు. రెండింటిలో ఏదీ పూర్తిగా నాది కాలేదు. లోపలికి వెళ్ళి యూనిఫాం వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు.

"డ్యూటీకి."

"దింపనా?" అన్నారు అలవాటు లేని గొంతుతో. నేను బస్సుకి వెళ్ళాను.

బస్సులోనూ అదే గందరగోళం. దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను. దుప్పట్ల గది తాళం తీయకుండా మెట్లెక్కి పురిటి వార్డులోకి వెళ్ళాను. పెద్ద నర్సు నన్ను చూసి కళ్ళజోడు సవరించుకుంది.

"ఏంటమ్మా, దారి తప్పావా?"

"ఈ పూట స్నానాలు నేను చేయించనా అక్కా?"

ఆవిడ తల ఊపింది. తెల్లవారుజామున పుట్టిన ఆడపిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టి, తాను పక్కనే నిలబడింది.

నీళ్ళు మోచేత్తో చూసుకున్నాను. తల కింద అరచెయ్యి పెట్టాను. వేళ్ళు వాటంతట అవే చంక కిందికి వెళ్ళి సర్దుకున్నాయి. సబ్బు రాశాను. ఆ పిల్ల గుక్కపట్టి ఏడుస్తూ, ముడుచుకుంటూ, కాళ్ళు తన్నుతూ చేప పిల్లలా గింజుకుంది. జారలేదు. రవ్వంత కూడా జారలేదు.

"నువ్వు మర్చిపోలేదే" అంది పెద్ద నర్సు, తన పని చూసుకోవడానికి వెళ్ళిపోతూ.

మర్చిపోలేదు. మర్చిపోవడానికి ఈ చేతులు అసలెప్పుడు పట్టు వదిలాయని? పక్కన ఖాళీ ఉయ్యాలల వరస కనిపించింది. ఈ రెండేళ్ళలో ఇక్కడ ఎంతమంది పుట్టి, నీళ్ళు పోయించుకుని, ఇళ్ళకి వెళ్ళిపోయారో. ఒక్కరినీ నేను ఎత్తుకోలేదు. ఆయనకి హాయిగా అనిపించిందట. పొద్దుటి నుంచీ ఎటు పోవాలో తెలియక నాలో తిరుగుతున్నది కోపమేనని అప్పుడు తెలిసింది. అది పాదాల నుంచి లేచి గొంతుదాకా వచ్చింది, ఒళ్ళంతా వణికింది. చేతులు మాత్రం వణకలేదు.