తాడు మీద ఆరిన ఉత్తరం

“వచ్చే కలర్ కార్డు మీద మొదటి పేరు బేబీ గారిదే. నా మాట నమ్ము.”

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో స్టూడియో నడిపే రంజిత మేడమ్ ఎబినేజర్‌తో అన్న మాట ఇది. రాబోయే రంగుల నమూనాలతో కార్డు అచ్చయి వచ్చింది. మొదటి పేరు రంజితది. అడుగున సన్న అక్షరాల్లో ‘స్థానిక ప్రేరణ’ అని ఉంది. ఆ ప్రేరణ మారతహళ్ళిలో, ఎబినేజర్ ఉండే పీజీ కింద కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది.

బేబీది ఆల్టరేషన్ కొట్టు. తొమ్మిదికి షట్టరెత్తి, మిషన్‌కు నూనె వేసి, తడిపిన లైనింగ్ గుడ్డలు మేడ మీద తాడుకు ఆరేస్తుంది. సీజన్‌కు ఒక్కసారి, ఆ తాడు మీద మొదట ఆరేసిన తెల్లదానికి, రెండేళ్ల తర్వాత ఊరంతా వేసుకోబోయే రంగు వస్తుంది. మిగతావి మామూలుగానే ఆరుతాయి. ఓసారి పీజీలో ఉండే నర్సు సునీత యూనిఫామ్ అలా పాత చింతపండు రంగుకు తిరిగితే, ఆమెను ఆస్పత్రి గేటు దగ్గరే ఆపేశారు. అప్పట్నుంచి ఆమె తన బట్టలు బాల్కనీలో ఆరేసుకుంటోంది, అంతే. రెండేళ్లకు మాల్స్ నిండా అదే రంగు.

రాబోయే రంగులను ముందే పసిగట్టి బట్టల కంపెనీలకు చెప్పడం స్టూడియో వ్యాపారం. తాడు మీది గుడ్డ తీసుకెళ్లి స్కానర్ కింద పెట్టడం ట్రైనీ ఎబినేజర్ ఉద్యోగం.

కార్డు చూసి బేబీ నవ్వింది. “రంగు బాగుండాది కదప్పా.”

“రంగు సంగతి కాదక్కా! పేరు లేని శ్రమంటే దోపిడీ. నోరు మూసుకుంటే మనమూ అందులో భాగస్వాములమే!”

“ఆ మైకు కొంచెం తగ్గించు. సూదిలోకి దారం ఎక్కడం లేదు.”

“నీకు కోపం రాదా?”

బేబీ చేతిలో దారం వదిలేసింది. “అత్తిబెలె ఫ్యాక్టరీలో శాంపిల్ సెక్షన్‌కు హెడ్డుగా తీసుకుంటామన్నారు. నీ పేరున్న కార్డు చూపించమ్మా అన్నారు. ఏం చూపించేది?” దారం ఎక్కించి మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఈ రంగులన్నీ బేబీ తాడు మీదివేనని ఎబినేజర్ ఆ రోజే తెల్ల కాగితం మీద రంజితకు ఉత్తరం రాశాడు. ఇవ్వడానికి వెళ్తే రంజిత ముందే అంది: “నెలాఖరుకు నిన్ను పర్మనెంట్ చేస్తున్నాం ఎబీ. కొత్త గుడ్డ తెచ్చెయ్, చాలు.”

ఉత్తరం మూడు రోజులు అతని జేబులోనే తిరిగింది. ప్రపంచాన్ని మార్చాలనుకునేవాడికి స్టూడియో రెండో అంతస్తు మెట్లెక్కడం కష్టమైంది.

నాలుగో రోజు పొద్దున్నే వానలో బండి మీద వచ్చి, తడిసిన చొక్కా కొట్టులో పడేసి స్నానానికి పోయాడు. బేబీ జేబు తడిమి, కాగితం తీసి, వాన వెలిశాక క్లిప్పు పెట్టి తాడుకు ఆరేసింది. ఆ సీజన్‌లో తాడెక్కిన మొదటి తెల్లది అదే.

మధ్యాహ్నానికి అది వాన తర్వాత రోడ్డు మీద నలిగిన ఊదా జకరండా పూల రంగుకు తిరిగింది. సిరా చెక్కుచెదరలేదు.

“అయ్యో, ముందు గుడ్డ వేసింటే బాగుండు,” అంది బేబీ. “ఈ సీజన్‌కు ఇంక ఇదే అప్పా.”

ఎబినేజర్ దాన్ని తాడు మీంచి తీశాడు. కాగితాన్ని ఇస్త్రీ చేయించుకుని స్టూడియోకు బయల్దేరాడు.

స్టూడియోలో కొనుగోలుదారులు కాచుకుని ఉన్నారు. ఏముందో చూడకుండానే రంజిత కాగితాన్ని స్కానర్ కింద పెట్టింది. గోడంత తెర మీద రంగు పరుచుకుంది. దాని మీద అతని చేతిరాత.

“ఆగండి, అది...” అంది రంజిత.

“ఉండనివ్వండి,” అంది పెద్ద కంపెనీ తరఫున వచ్చిన అనసూయ. కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది. “ఈ బేబీ ఎక్కడుంటారు?”

“మారతహళ్ళిలో మేడమ్,” అన్నాడు ఎబినేజర్. “తొమ్మిదికి షట్టరెత్తుతుంది.”

అనసూయ ఆర్డరు పుస్తకం తెరిచి, రంగు పేరు రాయాల్సిన గడిలో ‘బేబీ’ అని రాసింది. తర్వాత రంజిత వైపు తిరిగి, తెర మీద ఉత్తరంలోని ఆఖరి వరుసలు వేలితో చూపించింది:

“కార్డు మళ్లీ అచ్చు వేసి, మొదటి పేరు ఆమెది పెట్టండి. పెడతారో లేదో జూన్ ఇరవై, శుక్రవారం సాయంత్రం అయిదు లోపు చెప్పండి.”