బురాయీ బాబాయ్ ఒక్క డైలాగు

శనివారంలోగా చేయాల్సినవి:

నలభై మంది కుర్రాళ్ళను పట్టుకోవాలి. నిజంగా పదహారేళ్ళవాళ్ళే కావాలి, మీసాలు గీసుకున్న పెద్దవాళ్ళు వద్దు.
వాళ్ళ నాన్నల చేత సంతకాలు పెట్టించాలి.
నలభై తెల్లచొక్కాలు. ఇస్త్రీకి నాన్నతో చెప్పాలి.
చేత్తో కొట్టే ఇత్తడి గంట.
ఎండకు ఎవరైనా పడిపోతే నిమ్మకాయ నీళ్ళు.
బడి బంట్రోతు. యాభై ఏళ్ళ మనిషి. ఒక్క డైలాగు.

నగ్లా ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచుకుంది. 1998 జులై నాటిది. కైరోలో కుర్రాళ్ళ కామెడీలకు జనం విరగబడుతున్న రోజులవి. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి బయటికొచ్చిన ఏడాదికి ఆమెకు దొరికిన మొదటి సినిమా 'నాలుగో పీరియడు'. అందులో మూడో అసిస్టెంటు. వాళ్ళింట్లో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. వాళ్ళ నాన్నది అదే ఊళ్ళోని షుబ్రా పేటలో ఇస్త్రీ కొట్టు. బరువైన ఇనప పెట్టెను కాలితో తోస్తూ చేసే పాతకాలపు ఇస్త్రీ ఆయనది. చొక్కాల సంగతి చెప్పగానే "నలభయ్యేనా?" అన్నాడు. అంతకుమించి సినిమా గురించి ఏమీ అడగలేదు.

కుర్రాళ్ళు పక్క వీధుల్లోనే దొరికారు. బంట్రోతు కోసం నగ్లా ఊరి నడిబొడ్డున ఉన్న కాఫీ హోటలుకు వెళ్ళింది. గుంపు సీన్లలో నిలబడేవాళ్ళంతా పొద్దున్నుంచీ అక్కడే కూర్చుని పిలుపు కోసం చూస్తుంటారు. గోడవారగా కూర్చున్న బక్కపలచటి మనిషి ఆమెను చూసి లేచాడు. అతని పేరు బురాయీ.

"ఏం వేషం ఇంజినీరమ్మా? పోలీసా, పెళ్ళివాడా, శవం వెనక నడిచేవాడా?"

ఆమె ఇంజినీరు కాదు. చదువుకున్నవాళ్ళందరూ అక్కడ ఇంజినీర్లే.

"బడి బంట్రోతు, బాబాయ్. కానీ మాట్లాడాలి."

బురాయీ చేతిలోని టీ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టాడు.

"ఎంత మాట్లాడాలి?"

"గంట కొట్టి, 'కొట్టేశానుగా, ఇంక పైకి తగలడండి' అనాలి. అంతే."

అతను ఆ మాటను పెదాల మీదే ఒకసారి అనుకున్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళమ్మా. పద్దెనిమిదో ఏట బడిపిల్లాడి వేషంతో మొదలెట్టాను. ఇంతవరకూ నోట్లోంచి ముక్క రాలేదు. మాట్లాడితే పేరు పడుతుందంటారు, నిజమేనా?"

"మాట్లాడిన ప్రతివాళ్ళ పేరూ చివర్లో పడుతుంది."

"మా ఆవిడ నమ్మదు. ఏ సినిమాకి తీసుకెళ్ళినా 'నువ్వేడి?' అంటుంది. 'అదుగో, ఆ లావాటాయన వెనక' అంటాను. 'అక్కడ చెవి ఒక్కటే ఉందయ్యా, అది ఎవరిదైనా కావచ్చు' అంటుంది."

నగ్లా నవ్వింది. ఆ నవ్వులోనే మాట కూడా ఇచ్చేసింది. "పేర్ల జాబితా రాసేది నేనే బాబాయ్. నీ పేరు నా చేత్తో రాస్తాను."

షూటింగు వేసవి సెలవుల్లో మూసి ఉన్న ఒక హైస్కూల్లో. మొదటి రోజు పొద్దుటి అసెంబ్లీ సీను. ముందు హెడ్మాస్టరు వేషగాడు ఉపన్యాసం ఇస్తుంటే వెనక వరసల్లో పిల్లలు గుసగుసలాడుకోవాలి. గుసగుస నిజంగా వినపడితే ఉపన్యాసం పాడవుతుంది. కెమెరా తిరిగితే చాలు, ఆ నలభై మందీ బిగుసుకుపోయి కెమెరా కళ్ళలోకే చూడసాగారు. మాట్లాడమంటే సంతలా అరిచారు.

"వీళ్ళు పిల్లలా, పాస్‌పోర్టు ఫొటోలా?" అన్నాడు డైరెక్టరు మిద్‌హత్. తర్వాత నగ్లా వైపు తిరిగాడు. "నువ్వు తెచ్చిన సరుకే కదమ్మా ఇది."

నగ్లా ముఖం చిన్నబోయింది. నీడలో కూర్చున్న బురాయీ లేచి వచ్చాడు. ఆ రోజు అతనికి పని లేదు. వేళకంటే ముందే వచ్చి కూర్చోవడం అతని అలవాటు.

"ఒరేయ్, మీ నాన్న పక్కగదిలో నిద్రపోతున్నాడనుకోండి. మీకేమో నిన్నటి మ్యాచి గురించి మాట్లాడుకోకపోతే ప్రాణం ఆగదు. మాట కడుపులోనే ఆగాలి. పెదాలు, చేతులు, కనుబొమలు, అన్నీ మామూలుగా ఆడాలి. ఊపిరి మాత్రం బయటికి రాకూడదు. ఇలాగ."

అతను గాలితో పోట్లాట మొదలెట్టాడు. అవతలివాడెవడో ఏమన్నాడో కూడా తెలిసిపోతోంది. చప్పుడు మాత్రం లేదు.

కరీమ్ అనే గుంటడు తల గోక్కున్నాడు. "తిట్లు కూడా ఆడొచ్చా బాబాయ్?"

"నీ ఇష్టం నాయనా. దేవుడు తప్ప ఎవడూ వినడు."

అరగంటలో బడి ఆవరణంతా ముచ్చట్లతో కిటకిటలాడిపోయింది. నలభై మందీ ఆగకుండా మాట్లాడుతున్నారు, జెండా కొయ్యకు తాడు తగిలే చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడుతోంది. సౌండ్ ఇంజినీరు చెవుల మీది ఫోన్లు తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

బురాయీ డైలాగు మూడో రోజు. అతని బూడిదరంగు కోటును నగ్లా వాళ్ళ నాన్న, ఎవరూ చెప్పకుండానే, రెండుసార్లు ఇస్త్రీ చేసి పంపాడు. బురాయీ మెట్ల దగ్గర నిలబడి రిహార్సలు వేస్తుంటే ఆ గొంతు మూడో అంతస్తులో కూడా వినపడింది.

"యాక్షన్" అన్నాడు మిద్‌హత్.

బురాయీ గంట కొట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. చెయ్యి గాల్లోకి లేచింది. పెదాలు ఒక్కో అక్షరాన్నీ చెక్కినట్టు పలికాయి.

సౌండ్ ఇంజినీరు చెయ్యెత్తాడు. "మాట రాలేదు."

మైకు చూశారు, తీగలు చూశారు. రెండోసారి తీశారు. మూడోసారీ తీశారు.

"అన్నాను కదా సార్," అన్నాడు బురాయీ. అబద్ధమాడలేదతను. అన్నాననే అనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా 'యాక్షన్' అన్న మాట చెవిన పడగానే గొంతు మూసుకోవడం నేర్చుకున్న మనిషి. ఇప్పుడు తెరుచుకోమంటే ఆ గొంతు వినడం లేదు.

అయిదోసారికి అతని కోటు చెమటకు నల్లబడింది. నగ్లా నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. అతను ఒక్క గుక్కలో తాగేశాడు. "ఇంకొక్కసారి తీయమని అడగమ్మా," అన్నాడు.

ఆమె అడిగింది. ఆరోసారి గంట మోగింది. బురాయీ నిశ్శబ్దంగా అరిచాడు. అతని అవస్థ చూడలేకపోయాడో ఏమో, కరీమ్ నిశ్శబ్దంగానే జవాబిచ్చాడు, "పోతున్నాంలే బాబాయ్" అని. ఆ వెనకే తక్కినవాళ్ళందరూ పెదాలతో సణుక్కుంటూ, చప్పుడు లేకుండా తిట్టుకుంటూ మెట్లెక్కారు. మిద్‌హత్ నవ్వు బయటికి రాకుండా తన చేతినే కొరుక్కున్నాడు.

"కట్. ఇదే కావాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య బురాయీ నగ్లా దగ్గరికి వచ్చాడు.

"వినపడిందామ్మా?"

నగ్లా పరుగున డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, "డబ్బింగులో గొంతు పెట్టిద్దాం సార్," అంది.

"పిచ్చిదానా, ఆ నిశ్శబ్దమేగా నవ్వొచ్చేది."

అది నిజమేనని ఆమెకూ తెలుసు.

పేర్ల జాబితా ఆమే రాసింది, బురాయీ పేరుతో సహా. మొదటి అసిస్టెంటు దాని మీద అడ్డగీత గీశాడు. "మాట్లాడనివాడి పేరు వెయ్యం. ఒకటి వేస్తే అందరివీ వెయ్యాలి." నగ్లా నోరెత్తలేదు. అదే మొదటి సినిమా, చెప్పిన పని చెప్పినట్టు చేయడమే ఇంట్లో నేర్చుకున్న పద్ధతి. రెండోసారి రాసిన జాబితాలో ఆ పేరు లేదు. రెండోసారీ ఆ పేరు రాసి పంపినా ఎవరూ గమనించేవారు కారని చాలా ఏళ్ళ తర్వాత గాని ఆమెకు తట్టలేదు.

రంజాన్ పండుగ రోజు సినిమా విడుదలైంది. మధ్యాహ్నం ఆటకు నగ్లా వెళితే, ముందు వరసలో బురాయీ, పక్కన కొత్త బట్టల్లో అతని భార్య. గంట సీను వచ్చేసరికి హాలు హాలంతా నవ్వుతో ఊగిపోయింది. ఈసారి చెవి కాదు, తెర నిండా అతని ముఖమే. భార్య తెరను, మొగుణ్ణి మార్చి మార్చి చూసింది.

సినిమా అయిపోయింది. జనం లేచిపోతున్నారు. వాళ్ళిద్దరూ లేవలేదు. పేర్లు పైకి జరగసాగాయి. అతని భార్యకు చదువు రాదు.

"నీ పేరేదయ్యా?"

బురాయీ చివరిదాకా చూశాడు. తర్వాత వేలు చూపించాడు. "అదుగో. పైనుంచి మూడోది."

వెనక్కి తిరిగితే నగ్లా కనిపించింది. అతను ముందు తడబడి, తర్వాత నవ్వాడు. "ఈ అమ్మాయేనే, తన చేత్తో రాసింది." ఆ పెద్దావిడ నగ్లా రెండు చేతులూ పట్టుకుని, నీ కడుపు చల్లగుండాలి తల్లీ అని దీవించింది.

తర్వాత నగ్లా డైరెక్టరయింది. ఆమె సినిమాల్లో నోరు విప్పనివాళ్ళ పేర్లు కూడా పడతాయి, ఎంతసేపు పట్టినా సరే. బురాయీ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ పాత సినిమాలో మాత్రం ఇప్పుడేదీ మార్చలేం.

'నాలుగో పీరియడు' ఇప్పటికీ ప్రతి పండుగ పొద్దున టీవీలో వేస్తారు. గంట మోగినప్పుడు బూడిదరంగు కోటులో ఒక బక్కపలచటి మనిషి నోరారా అరుస్తాడు, మీకు ఏమీ వినపడదు. మీరు నవ్వండి, అది నవ్వడానికి తీసిందే. చివర్లో పేర్లలో వెతక్కండి, దొరకదు. అతని పేరు బురాయీ అబ్దుల్ ఘనీ. దయచేసి గుర్తుపెట్టుకోండి.