విశాలి గది ముందు సబ్బు సీసా

నేను ఒక సబ్బు సీసాను. నెత్తి మీద నొక్కితే మూతిలోంచి ఒక చుక్క రాలుస్తాను. మీరు మనిషి ముఖం చూసి మంచీచెడూ తేలుస్తారు. నాకు ముఖాలతో పనిలేదు, చేతులే చూస్తాను. చూసి చూసి రోత పుట్టింది.

ఊరి చివర ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, గాలి ఊది నన్ను తయారుచేశారు. నాకు మూత బిగించినవాడు అంతకుముందే తీరిగ్గా చెవిలో వేలు తిప్పుకున్నాడు. దుకాణంలో పెద్దమనిషికి సంచీ విచ్చుకోకపోతే వేలు నాలిక మీద రాసుకుని, ఆ తడి వేళ్లతోనే నన్ను అందులో పడేశాడు. లోకంలో అడుగుపెడుతూనే మనుషులంటే ఏమిటో నాకు తెలిసిపోయింది.

నన్ను కొన్నవాడు ఫణీంద్ర. హైదరాబాదులో వాళ్ల అపార్టుమెంటులో, పడగ్గది గుమ్మం పక్కనున్న వాష్‌బేసిన్ మీద పెట్టాడు. లోపల అతని భార్య విశాలి. ఆమెకు రక్త క్యాన్సర్ వస్తే, డాక్టర్లు మందులతో ఎముకల్లోని పాత మూలుగను ఖాళీ చేసి, ఆమె తమ్ముడి మూలకణాలు ఎక్కించారు. అవి నిలదొక్కుకుని, రోగాలను తట్టుకునే శక్తి మళ్లీ వచ్చేదాకా, ఎవరి జలుబైనా ఆమె ప్రాణం మీదికి తేగలదు. అందుకే గుమ్మంలో నా కాపలా.

వాళ్లమ్మాయి సంహితకు మూడేళ్లు. ప్లేస్కూలు నుంచి ఎప్పుడూ ఏదో ఒక చీమిడి మోసుకొస్తుంది కాబట్టి దానికి లోపలికి అనుమతి లేదు.

“అమ్మా, నీ ఒళ్లో ఎప్పుడు కూచోవాలి?” అని గుమ్మంలో నిలబడి అడుగుతుంది.

“కాస్త బాగవనీ, చిట్టితల్లీ” అంటుంది విశాలి మాస్కు వెనక నుంచి. ఆమెకు కావలసింది కూడా ఆ ఒక్కటే. పిల్ల వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేది.

ఇక పరామర్శకు వచ్చే జనం! ఒకాయన ముక్కు చీది, వేళ్లు ప్యాంటుకు తుడుచుకుని, “ఇంట్లో కడుక్కునే బయల్దేరానండీ” అన్నాడు. ఒకావిడ ఆచమనం చేస్తున్నట్టు వేళ్ల కొసలు తడిపి నీళ్లు విదిలించింది, అవి నా మీద పడ్డాయి. ఛీ! వాళ్లను గుమ్మంలోనే ఆపినందుకు ఫణీంద్రకు పొగరు పెరిగిందని కూడా చెప్పుకున్నారు.

తెల్లకణాల సంఖ్య పెరిగిందని ఆసుపత్రిలో చెప్పగానే ఇంటిల్లిపాదీ గండం గట్టెక్కిందనుకున్నారు. సరిగ్గా అప్పుడే ఫణీంద్ర మేనత్త కనకవల్లిగారు కాకినాడ నుంచి దిగారు. ఆవిడకు మడి అంటే మహా పట్టింపు. తెల్లారకుండా తలారా స్నానం చేసి, మడిచీర కట్టుకుని, బాల్కనీలో తులసి కోసేవారు. ఆ కుండీ నిండా పావురాల రెట్టలు. మట్టి వేళ్లతోనే దళాలు తుంపి రాగిచెంబులో వేసి, పూజ ముగించుకుని, తీర్థంతో గుమ్మానికి వచ్చారు.

“అత్తయ్యా, ముందు సబ్బుతో చేతులు...” అన్నాడు ఫణీంద్ర.

“అందరూ తడిమిన సీసా ముట్టుకుంటే నా మడి ఏం గానురా? ఈ కొంపలో నాకన్నా శుభ్రంగా ఉన్నదెవరు?”

ఫణీంద్ర పక్కకు తప్పుకున్నాడు. కాదంటే పెద్దావిడ నొచ్చుకుంటారని విశాలి చెయ్యి చాపింది. తీర్థం తాగి, ఆకు నమిలింది. నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. అరవడానికి నాకు నోరేది? ఉన్నది మూతి.

రెండు రోజుల్లో జ్వరం, ఆయాసం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందని ఆసుపత్రిలో చేర్చారు. బట్టల కోసం వచ్చిన ఫణీంద్ర ముఖం పీక్కుపోయి ఉంది.

“కణాలు వచ్చాయి గానీ వాటికింకా ఏ రోగాన్నీ గుర్తుపట్టడం తెలీదుట అత్తయ్యా. చిన్నప్పటి టీకాలు కూడా పోయినట్టేనట. పసిపిల్లకు వేసినట్టు మళ్లీ మొదట్నించీ వెయ్యాలిట.”

“నా తీర్థం వల్లేనట్రా?”

“ఎందువల్లో చెప్పలేమన్నారు.”

కనకవల్లిగారు తన వేళ్లు చూసుకున్నారు. తర్వాత వచ్చి నన్ను నొక్కారు. గోళ్ల సందుల్లోంచి నల్లటి మట్టి కారింది. నేను మాత్రం క్షమించలేదు.

విశాలి బతికి ఇంటికొచ్చింది, సగమై. కనకవల్లిగారు తిరిగి కాకినాడ వెళ్లలేదు. వంటకు ముందు నన్ను నొక్కి చేతులు కడుక్కునేవారు. నన్ను ముట్టుకున్నందుకు వెళ్లి మళ్లీ తలారా స్నానం చేసేవారు. మడి వేళకు మళ్లీ నేను, మళ్లీ స్నానం. ఈ మనుషులను ఏమనాలో నాకైతే తోచలేదు. నేను ఖాళీ అయినప్పుడల్లా ఫణీంద్ర నింపుతూనే ఉన్నాడు. పిల్ల పుట్టినరోజు గుమ్మం బయటే జరిగింది. టీకాలు మొదలయ్యాయి. విశాలి ఒకటి వేయించుకుని వచ్చినప్పుడల్లా సంహిత “ఏడ్చావా అమ్మా?” అని అడిగేది.

చివరికి, ఇక పిల్లను ఒళ్లోకి తీసుకోవచ్చని డాక్టర్లు చెప్పిన సాయంత్రం, ఆసుపత్రి నుంచి వస్తూనే విశాలి మాస్కు తీసేసి, గుమ్మంలోనే చతికిలబడి చేతులు చాపింది. సంహిత కాసేపు నమ్మలేదు. తర్వాత పరుగున వచ్చి ఒళ్లో పడింది. దాని బుగ్గన సున్నుండ. సగం చప్పరించిన ఆ ముద్దను, సొంగ కారుతుండగా, నోట్లోంచి తీసి “నీకూ” అంటూ తల్లి నోటికి అందించింది. ఆ చేతికి ఇసుక కూడా ఉంది.

ఛీ, ఛీ! అంత అసహ్యం నా జన్మలో చూడలేదు. విశాలి నోరు తెరిచింది. కళ్లు మూసుకుని, కన్నీళ్లు కారుతుండగా, తీరిగ్గా నమిలింది. కనకవల్లిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. పక్కనే, అంచుదాకా సబ్బు నింపుకుని, నేనున్నాను. ఒక్కరంటే ఒక్కరు నావైపు చూడలేదు.