ఎర్ర అంకెలు

భూతద్దం తీగకు చుట్టిన గుడ్డపీలిక వదులైతే, ఆయన కిటికీ దగ్గర కూర్చుని దాన్ని మళ్ళీ బిగించి చుడుతున్నాడు. తల చుట్టూ తిరిగే ఆ సన్నని తీగ నుదుటికి ఒరుసుకోకూడదంటే గుడ్డను నున్నగా, ముడి తగలకుండా చుట్టాలి. నలభై ఏళ్ళుగా భూతద్దం ఒకేచోట ఒత్తుకుని ఒత్తుకుని ఆయన కుడి కనుబొమ్మ మీద అర అంగుళం మేర వెంట్రుకలు మొలవడం మానేశాయి.

వంటింట్లో భార్య గ్లాసులు కడిగి బోర్లిస్తోంది. నీలం పువ్వు ఉన్న గాజుగ్లాసులు. కాపురం పెట్టిన కొత్తలో ఆవిడ ఆరు కొన్నది. ఉన్నవి ఐదు.

"ఆరోది ఏమైందో ఇవాళైనా చెబుతారా?" అంది అక్కడి నుంచే.

"చూద్దాం," అన్నాడు.

ఏ మాటకైనా ఆయన మొదట చెప్పే జవాబు అదే. ఈ వాచీ బాగవుతుందా అంటే చూద్దాం. అసలుదా, నకిలీదా అంటే చూద్దాం. వాన పడేలా ఉందా అన్నా అంతే. అందుకే కొట్టు యజమాని మొదలుకొని టీ తెచ్చే ఆవిడ దాకా అందరూ చాటున ఆయన్ని చూద్దాంగారు అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. మా అమ్మాయిని చేసుకుంటావా అని మామగారు అడిగినప్పుడు కూడా ఈయన ఇదే మాట అన్నాడనీ, అన్నాక మూడు వారాలు పత్తా లేడనీ భార్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది. చూడటం అయ్యాక మాత్రం ఆయన చెప్పిన మాటకు తిరుగు లేదు. పాత వాచీలు కొనేవాళ్ళు దూరాల నుంచి వచ్చి ఆయన మాట కోసం గంటలకు గంటలు బల్ల ముందు కూర్చుంటారు.

బస్సు దిగి కొట్టుకు నడవడానికి ఆయనకు ఆరు నిమిషాలు పట్టేది. ఈ మధ్య తొమ్మిది పడుతోంది. కొట్టు మెట్లు పద్నాలుగు. ఏడో మెట్టు దగ్గర ఆగి పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. పన్నెండో మెట్టు దగ్గర మళ్ళీ ఆగాడు. కొత్త చెప్పులు బరువుగా ఉన్నాయని అనుకున్నాడు.

పైన యజమాని ఎదురుచూస్తున్నాడు. తన తండ్రి హయాం నుంచీ ఉన్న మనిషి కాబట్టి ఆయన్ని బాబాయ్ అంటాడు. లోపల కుర్చీలో యాభై ఏళ్ళావిడ ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఒక డాక్టరుగారి కూతురట. తండ్రి పోయి ఏడాదైంది. డాక్టరుగారి రెండు గదుల ఆసుపత్రిని ఇప్పటికీ ఒక పాత నర్సు నడుపుతోంది. ఆ ఆసుపత్రి కప్పు కారిపోతోంది. వాన వస్తే రోగుల మంచాలు ఆ మూల నుంచి ఈ మూలకు జరుపుతున్నారు. తండ్రి వాచీ అమ్మి కప్పు వేయించాలని ఈవిడ వచ్చింది. కొనే పెద్దమనిషి మూడింటికి వస్తాడు.

"నువ్వు చూసి, అసలుదేనని నాలుగు ముక్కలు రాసి సంతకం పెడితే చాలట బాబాయ్. ఇంకెవరి మాటా అక్కర్లేదన్నాడు," అన్నాడు యజమాని.

ఆయన బల్ల ముందు కూర్చుని చేతులు తుడుచుకున్నాడు. బల్ల మీద నూనెగిన్నెలు నాలుగు, ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత. పట్టకార్లు, సూదిమొన లాంటి స్క్రూడ్రైవర్లు, ఒక పక్కన బోర్లించిన గాజుగ్లాసు. విప్పిన వాచీ మీద దుమ్ము పడకుండా మూయడానికి ఆ గ్లాసు. దాని మీద నీలం పువ్వు ఉంది.

డాక్టరుగారి అమ్మాయి చేతిరుమాలు విప్పి వాచీని బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ముందు అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. తరువాత చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది క్రోనోగ్రాఫ్. గంటల ముల్లు, నిమిషాల ముల్లుతో పాటు మధ్యలో పొడుగాటి ముల్లు ఇంకొకటి ఉంటుంది. పక్కన మీట నొక్కితే కదులుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, కింది మీట నొక్కితే పన్నెండు దగ్గరికి వచ్చేస్తుంది. ఇది ప్రత్యేకంగా డాక్టర్ల కోసం చేసింది. రోగి మణికట్టు పట్టుకుని మీట నొక్కాలి. ముప్పై సార్లు నాడి కొట్టుకునేదాకా లెక్కపెట్టి మళ్ళీ నొక్కాలి. ముల్లు ఏ ఎర్ర అంకె దగ్గర ఆగిందో, నిమిషానికి నాడి అంత. ఇలాంటివి తయారైనవే తక్కువ. ఆయన మొత్తం జీవితంలో మూడు చూశాడు.

అడుగుమూత విప్పాడు. ఆయన ఒక్కొక్కటీ చూస్తూ చెబుతుంటే యజమాని కాగితం మీద టిక్కు పెట్టుకుంటున్నాడు. లోపలి యంత్రం దీనిదే. దాని మీది నంబరూ, మూత మీది నంబరూ ఒకే కాలంవి. స్క్రూల గాడులు చెదరలేదు. మీటలు మార్చలేదు. ముళ్ళు సరైన పొడుగున్నాయి. కీ తలకాయ మాత్రం కాస్త అరిగింది, అది వాడిన మనిషి వేళ్ళ అరుగుదల. మూత లోపల ఇద్దరు పనివాళ్ళు గీసుకున్న తేదీలు ఉన్నాయి. ఎవరో తనకు తెలియదు.

"ఇక ముఖం," అని భూతద్దం కంటికి దించుకున్నాడు.

డయల్ తెల్లగా, పాతబడ్డ పాలపళ్ళ రంగులో ఉంది. అంచు చుట్టూ ఎర్ర అంకెలు. వాచీని కిటికీ వైపు వంచాడు. వంచినప్పుడు ఆ ఎరుపులో పిసరంత తళుకు కదిలింది.

ఆయన భూతద్దం పైకెత్తి, అద్దాన్ని తుడిచి, మళ్ళీ దించుకున్నాడు. తళుకు అక్కడే ఉంది.

ఏ కంపెనీ కూడా వాచీ మీద తళుకు రంగు వేయదు. అది ఆడవాళ్ళు గోళ్ళకు వేసుకునే రంగు. ముప్పై మూడేళ్ళ కిందట ఇంట్లో అలమరలో ఉండేది ఆ సీసా. అది మాయమైందని భార్య పక్కింటి పిల్లల్ని నెల రోజులు అనుమానంగా చూసింది.

అప్పుడు వాచీ తెచ్చింది డాక్టరే. డయల్ మీద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి. కనబడక అంచనాగా చెబుతున్నాననీ, మనిషి నాడి అంచనాగా చెప్పే సంగతి కాదనీ డాక్టరు అన్నాడు. కొత్త డయల్ దొరికే వీలు లేదు. అంకెల చోట్లు ఒక్కొక్కటీ సెకన్లతో లెక్కకట్టి, మూడు వెంట్రుకలు మిగిల్చిన కుంచెతో పదకొండు రోజులు ఆయన ఆ అంకెలు వేశాడు. ఏ రంగు పెట్టినా ఆ ఎరుపు రాలేదు, ఒక్క ఆ సీసాలో తప్ప.

పని నేర్పిన గురువు అప్పటికి బతికే ఉన్నాడు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. వాచీ ముఖానికి ఏం చేసినా డయల్ వెనక తేదీ వేసి గీసిపెట్టాలి. తరువాత విప్పిన పనివాడు మోసపోకూడదు. ఇద్దరు ముగ్గురు శిష్యులకు తప్ప ఎవరికీ తెలియని అలవాటు అది. కానీ ఆ రోజు గురువు డయల్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని ముట్టుకోలేదేం?" అని అడిగాడు. అంతకు ముందు గాని, ఆ తరువాత గాని గురువు నోటి నుంచి అంత మెప్పు రాలేదు. ఎవరూ పోల్చలేని పనికి గుర్తెందుకు అనిపించింది. గీయకుండానే బిగించేశాడు. మొత్తం ఉద్యోగంలో గుర్తు పెట్టకుండా వదిలిన డయల్ అదొక్కటే.

"ఆఖరి టిక్కు పెట్టేయనా బాబాయ్?"

"చూద్దాం," అని ఆయన లేచి నీళ్ళు తాగి వచ్చాడు.

మూడింటికి పెద్దమనిషి వచ్చాడు. తన భూతద్దంతో తనూ చూశాడు. అంకెల ముందు చాలాసేపు ఆగి, ఇంత చెక్కుచెదరని డయల్ తాను ఎక్కడా చూడలేదన్నాడు. డాక్టరుగారి అమ్మాయి సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. యజమాని కాగితం, కలం ముందుకు జరిపాడు.

ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"లోపలిదంతా అసలుదే. ముళ్ళూ అసలువే. ఎర్ర అంకెలు మాత్రం నేను వేసినవి," అన్నాడు.

యజమాని నవ్వబోయి ఆగాడు. పెద్దమనిషి మళ్ళీ భూతద్దం పెట్టుకున్నాడు. ఎంత వెతికినా తేడా దొరకలేదు. ఆయనే వాచీని కిటికీ వైపు వంచి ఆ తళుకు చూపించాడు. పెద్దమనిషి మర్యాదస్తుడు. చెప్పినందుకు దండం పెట్టి, తాను చెయ్యి పడని వాటినే కొంటానని చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

యజమాని గొంతు తగ్గించి అన్నాడు. "ఆయనకి కనబడలేదు కదా బాబాయ్. నీకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు."

"అందుకే చెప్పాను. నేను కూడా పోతే ఎవరు చెబుతారు?"

డాక్టరుగారి అమ్మాయి బల్ల దగ్గరికి జరిగింది. ముఖం ఎర్రబడింది. నా కప్పు మీ చేతుల్లో ఉందని తెలిసే అన్నారా అని అడిగింది. తెలిసే అన్నానమ్మా అన్నాడు. మా నాన్నకు తెలుసా అంది. ఆయన అడిగితేనే వేశానన్నాడు, డాక్టరు అంచనా గురించి అన్న మాట కూడా చెప్పాడు. ఆవిడ వాచీని తన వైపు తిప్పుకుంది.

"అయితే ఇన్నేళ్ళూ నాన్న మీ అంకెలు చూసే చెప్పారన్నమాట, అందరికీ," అంది. తరువాత కాస్త పదునుగా, "అవి సరైన చోటే పెట్టారా?"

ఆ ప్రశ్నకు ఆయన నొచ్చుకోలేదు. అడగవలసిన ప్రశ్నే. చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టు బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నట్టే మూడు వేళ్ళు ఆనించి, మీట నొక్కింది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ముప్పైకి మళ్ళీ నొక్కింది.

"నలభై నాలుగు," అని కనుబొమలు ముడిచింది. "ఇంత తక్కువ ఉండదు, ఇది తప్పుగా చూపిస్తోంది."

"చూద్దాం. గోడగడియారం పెట్టి నిమిషం నిండా లెక్కపెట్టండి."

ఈసారి యజమాని కూడా వచ్చి నిలబడ్డాడు. నిమిషం గడిచింది. నలభై నాలుగే. ఆయన ముఖం విప్పారింది. ముప్పై మూడేళ్ళయినా ఒక్క అంకె కూడా తప్పు కూర్చోలేదు. ఆ సంతోషంలో ఉండగా ఆవిడ చెయ్యి వదలకుండా అడుగుతోంది, కళ్ళు తిరుగుతున్నాయా, మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని.

"వాచీ సరిగ్గానే ఉందండీ. సరిగ్గా లేనిది మీరు," అంది. "రేపు పొద్దున్నే ఎవరికైనా చూపించుకోండి. నాన్న ఉంటే ఇప్పుడే తీసుకెళ్ళేవారు."

"చూద్దాం," అన్నాడు.

"ఈ మాటొకటి. రేపంటే రేపే."

వాచీ ఇక అమ్మననీ, నర్సుకు ఇస్తాననీ, కప్పు కోసం ఇంకెవరినైనా అడుగుతాననీ ఆవిడ చెప్పింది. శుభ్రం చేసి ఉంచితే రేపు ఆసుపత్రికి వెళ్తూ తీసుకుంటానంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అంకెలు చక్కగా వేశారంది.

సాయంత్రం ఆయన డయల్ విప్పి వెనక్కి తిప్పాడు. సూది తీసుకుని అంచున ముప్పై మూడేళ్ళ కిందటి సంవత్సరం గీశాడు. దాని పక్కన ఇవాళ్టి తేదీ గీశాడు. ఆలస్యానికి కారణం రాసేంత చోటు లేదు. బిగించి, కీ ఇచ్చి, గ్లాసు కింద పెట్టి, చీటీ మీద ఇలా రాసి పక్కన ఉంచాడు: సరిగ్గా నడుస్తోంది. ఎర్ర అంకెలు నేను వేసినవి.

మెట్లు దిగుతూ ఎక్కడా ఆగలేదు. దిగడమే కాబట్టి.

ఇంటికి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. భార్య వంటింట్లో టీ పెడుతూ, వీధిలో ఎవరెవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెబుతోంది. ఆయన ఊఁ కొడుతున్నాడు. ఆదివారం మా చెల్లెలి ఇంటికి వెళ్దామా అని ఆవిడ అడిగింది. జవాబుగా రావలసిన ఒక్క మాట రాలేదు. నిద్ర పట్టిందేమో అనుకుని, నీలం పువ్వు గ్లాసులో టీ పోసి తెచ్చి పక్కన పెట్టింది. భూతద్దం నుదుటి మీదే ఉండిపోయిందని దాన్ని తీయబోయి, అప్పుడు పిలిచింది. రెండోసారి పిలిచింది.

మరునాడు పొద్దున్నే వచ్చిన డాక్టరుగారి అమ్మాయి ఆయన పోయిన సంగతి విని, వాచీతో పాటు చీటీ కూడా అడిగి తీసుకుంది.

వారం తరువాత, ఆయన సామాన్లు తీసుకెళ్ళడానికి భార్య కొట్టుకు వచ్చింది. ఆవిడ ఈ మెట్లెక్కడం అదే మొదటిసారి. యజమాని పనిముట్లన్నీ పెట్టెలో సర్ది ఉంచాడు. బల్ల మాత్రం ముట్టుకోలేదు. పిన్నీ, ఇంకేమైనా మిగిలాయేమో చూడు అన్నాడు. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి, గ్లాసు మీది పువ్వును వేలితో తడిమింది.

"దీనికోసం నేను పక్కింట్లో కూడా వెతికాను," అంది.

పెట్టె పట్టుకుని ఆవిడ దిగి వెళ్ళిపోయాక యజమాని వచ్చి చూశాడు. గ్లాసు అక్కడే ఉంది, బల్ల మీద బోర్లించి, నీలం పువ్వు తలకిందులుగా.